ఆ దెబ్బలు తిన్నది మీ అక్క

ప్రశ్న: నాకు నలభై ఒక్క ఏళ్లు. మా నాన్నగారు మహా కోపిష్టి. నా చిన్నతనమంతా ఆయన బెల్టుకు భయపడుతూనే గడిచింది. ఆయన పోయి ఆరేళ్లయింది. ఆ తరువాతే నిద్రలో ఉలిక్కిపడి లేవడం, తలుపు గట్టిగా పడితే గుండె దడదడలాడడం మొదలయ్యాయి. మూడేళ్లుగా కవిత్వం రాస్తున్నాను. రాత్రిపూట ఒంటరిగా కూర్చుని, నన్ను నేను తరచి చూసుకుంటూ రాసిన కవితలు అరవై దాకా ఉన్నాయి. వాటి వల్ల చాలా తేలికపడ్డాను. పుస్తకంగా వేద్దామనుకుని, ముందుగా నాకంటే ఆరేళ్లు పెద్దదైన మా అక్కకు పంపాను. ఆమె ఫోన్ చేసి, “ఒరేయ్, ఆ దెబ్బలు తిన్నది నేను. నువ్వు మంచం కింద ఉన్నావు” అని పెట్టేసింది. నాలుగు నెలలుగా నా ఫోను ఎత్తడం లేదు. నాకు స్పష్టంగా గుర్తుంది, ఆ మంట నా వీపు మీదే. తన బాల్యం గురించి రాసుకునే స్వేచ్ఛ కవికి లేదా? నా గాయం మానుతున్న సమయంలో ఆమె ఎందుకు అడ్డుపడుతోంది? పుస్తకం వేయమంటారా, మానమంటారా?

జవాబు: కవికి స్వేచ్ఛ ఉంది. ఆ ప్రశ్నకు ఇంతకంటే జవాబు అవసరం లేదు, దాని కోసం మీరు నాకు ఉత్తరం రాయవలసిన పనీ లేదు. పైన నేను కుదించి ఇచ్చిన మీ ఉత్తరం అసలు ఎనిమిది పేజీలు. అందులో మీ కవితల గురించి, మీ నిద్ర గురించి, పుస్తకానికి పెట్టదలచిన పేరు గురించి విపులంగా రాశారు. మీ అక్కగారి గురించి మాత్రం పైన ఉన్న ఆ రెండు మూడు వాక్యాలే ఉన్నాయి. ఆమె ఎలా ఉన్నారో, ఆమెకు రాత్రిళ్లు నిద్ర పడుతుందో లేదో, నాన్నగారు పోయిన ఈ ఆరేళ్లలో మీరిద్దరూ కూర్చుని ఆ ఇంటి సంగతి ఒక్కసారైనా మాట్లాడుకున్నారో లేదో ఎక్కడా లేదు. మీ సమస్య పుస్తకంతో మొదలైందని మీరు అనుకుంటున్నారు. అది మీకూ మీ అక్కకూ మధ్య చాలా ఏళ్లుగా ఉన్నదే. పుస్తకం దాన్ని బయటపెట్టింది, అంతే.

మీరు అబద్ధం రాశారని నేను అనడం లేదు. ఆ మాట ముందుగా చెప్పకపోతే మిగిలినదంతా మీకు నిందలాగే వినిపిస్తుంది. ఒకే ఇంట్లో పెరిగిన పిల్లల జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం మనస్తత్వ శాస్త్రజ్ఞులకు తెలిసిన విషయమే. మెర్సిడీస్ షీన్, సైమన్ కెంప్, డేవిడ్ రూబిన్ అనే పరిశోధకులు 2001లో కవల పిల్లల జ్ఞాపకాల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే సంఘటనను ఇద్దరు కవలలూ “ఇది జరిగింది నాకే” అని గట్టి నమ్మకంతో చెప్పిన సందర్భాలు వారికి ఎన్నో కనిపించాయి. కవలలు కాని తోబుట్టువులలోనూ, స్నేహితులలోనూ ఇటువంటివి ఉన్నాయని వారు గుర్తించారు. చిన్నప్పుడు పదే పదే చూసినది, విన్నది, ఊహించుకుని వణికినది, ఏళ్లు గడిచేసరికి ఒంటి మీద జరిగినదిగా మారవచ్చు. కాబట్టి మీ వీపు మీది మంట మీకు నిజంగానే గుర్తుండవచ్చు. ఆ దెబ్బ మీ అక్కకు తగిలిందన్నదీ నిజమే కావచ్చు. ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి న్యాయస్థానం అక్కరలేదు. ఆ గదిలో ఉన్న ఇంకొక మనిషి మీకు సూటిగా ఒక మాట చెప్పారు. మీరు ఆ మాటను విమర్శగా తీసుకున్నారు. సాక్ష్యంగా తీసుకుని ఉండవలసింది.

మంచం కింద ఉన్న పిల్లవాడికి ఏమీ కాలేదని ఎవరైనా అంటే వారికి పిల్లల సంగతి తెలియదనే అనుకోవాలి. 1998లో ఫెలిట్టి, ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి, బాల్యంలోని చేదు అనుభవాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధం మీద ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనంలో, పిల్లవాడు స్వయంగా దెబ్బలు తినడంతో పాటు ఇంట్లో తల్లి దెబ్బలు తినడాన్ని కూడా ఒక చేదు అనుభవంగానే లెక్కించారు. తోబుట్టువుల సంగతి అందులో లేదు. ఆ లోటును మార్టిన్ టైకర్, ఆయన సహపరిశోధకురాలు 2011లో పూరించారు. అన్నో అక్కో చెల్లెలో దెబ్బలు తింటుంటే చూస్తూ పెరిగినవారిలో, తరువాతి వయసులో దిగులు, ఆందోళన, కోపం ఎక్కువగా కనిపిస్తున్నాయని వారు చూపించారు. మీకు అర్ధరాత్రి మెలకువ రావడానికి, తలుపు చప్పుడుకు గుండె అదరడానికి ఆ బెల్టు మీ వీపును తాకి ఉండవలసిన అవసరం లేదు. బెల్టు తీసిన శబ్దం, ఆ తరువాత అక్క గొంతు, ఆ గొంతు ఆగిపోయిన తరువాతి నిశ్శబ్దం, ఈ మూడూ ఎదుగుతున్న పిల్లవాడిని జీవితమంతా వెంటాడడానికి చాలు. మీ గాయం మీదే. దాన్ని నిరూపించుకోవడానికి అక్క ఒంటిని అరువు తెచ్చుకోవలసిన పని లేదు.

కవిత్వం రాస్తానన్నారు కనుక కవిత్వం మాటే చెబుతాను. మన ఆదికావ్యం పుట్టిన ఘట్టంలో బాణం తగిలింది వాల్మీకికి కాదు. ఆయన ఒడ్డున నిలబడి చూశాడు. జంటను పోగొట్టుకున్న ఆడపక్షి ఏడుపు విన్నాడు, ఆ విన్న తరువాతే ఆయన నోట శ్లోకం వచ్చింది. ఆ మొదటి మాట బాణం వేసిన నిషాదుడికి పెట్టిన శాపం. శపించిన మరుక్షణమే, ఏమిటి ఇలా అన్నానేమిటి అని ఆయన తనలో తాను మథనపడ్డాడని రామాయణమే చెబుతోంది. తనను తాను తరచి చూసుకోవడమంటే అది. చూసినవాడిగా తన స్థానం వదలకుండా నిలబడినందుకు ఆయన కరుణ ఏమీ తగ్గలేదు. ఆ నిషాదుడు కూడా కావ్యంలో మళ్లీ ఎక్కడా కనబడడు. మీరు జతచేసిన పది కవితలలో తొమ్మిదింటిలో మీ నాన్నగారే ఉన్నారు. దెబ్బలు తింటున్న “నేను” ఉన్నాడు. ఏడుస్తున్న అక్క ఒక్కదానిలోనూ లేదు. ఆమె ఆ గదిలో లేనట్టే రాశారు. నాలుగు నెలల మౌనానికి ఇంతకంటే వేరే కారణం వెతకనక్కరలేదు.

ఆమెను ఎందుకు తీసేశారు? నా అభిప్రాయం చెబుతాను, తప్పనిపిస్తే పక్కన పెట్టండి. ఆ గదిలో ఆమె ఉంటే మంచం కింద మీరు ఉండవలసి వస్తుంది. బయటికి రాని మీరు, నోరు తెరవని మీరు, తన వంతు రాకూడదని ప్రార్థించుకున్న మీరు. ఆ పిల్లవాడిని చూడడం కంటే దెబ్బలు తిన్న పిల్లవాడిగా ఉండడం తేలిక. దెబ్బలు తిన్నవాడికి జాలి దొరుకుతుంది, దాక్కున్నవాడికి సిగ్గు మిగులుతుంది. మూడేళ్లుగా మీరు రాత్రిళ్లు తరచి చూసుకున్నది మీ బాధనే కానీ మీ సిగ్గును కాదని నాకు అనిపిస్తోంది. ఈ విషయంలో రెండు మాటలు గట్టిగా చెప్పదలచుకున్నాను. ఏడెనిమిదేళ్ల పిల్లవాడు మంచం కింద దాక్కోవడం నేరం కాదు, పిరికితనమూ కాదు. ఆ వయసులో భయపడడమే వాడికి చేతనైన పని. అయితే నలభై దాటిన మనిషి, తన బదులు దెబ్బలు తిన్న అక్కను ఇన్నేళ్లలో “నీకెలా ఉందే” అని ఒక్కసారి అడగకపోవడాన్ని నేను భయం ఖాతాలో వేయలేను.

రాయడం వల్ల తేలికపడ్డానన్నారు. నేను దాన్ని కొట్టిపారేయను. పెన్నెబేకర్, బీల్ అనే ఇద్దరు 1986లో ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థులను వరుసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు, తమ జీవితంలోని అతి బాధాకరమైన విషయం గురించి రాయమన్నారు. జరిగినదాన్నీ, దాని పట్ల తమ భావాలనూ కలిపి రాసినవారు రాసిన వెంటనే మరింత దిగులుపడ్డారు కానీ, తరువాతి నెలల్లో వారికి వైద్యుల దగ్గరకు వెళ్లవలసిన అవసరం తగ్గింది. ఇక్కడ గమనించవలసిన విషయం, రాయడం అప్పటికప్పుడు హాయిగా అనిపించడమే మేలు జరుగుతోందనడానికి గుర్తు కాదని. అదే పెన్నెబేకర్ 2003లో మరొక సహచరుడితో కలిసి ఇటువంటి రాతలను పరిశీలించి, ఒక రోజుకూ మరొక రోజుకూ “నేను”, “ఆమె”, “మేము” వంటి మాటల వాడుక మారుతూ వచ్చినవారిలో ఆరోగ్యం ఎక్కువగా మెరుగుపడిందని చూపించాడు. అంటే ఒకసారి తన వైపు నుంచి, మరొకసారి ఎదుటివారి వైపు నుంచి చూడగలిగినవారికి మేలు జరిగిందని నేను అర్థం చేసుకుంటాను. మీ కవితలు మూడేళ్లయినా అదే గదిలో, అదే సాయంత్రంలో, అదే “నేను” దగ్గర ఉన్నాయి. పుండును రోజూ గోకుతూ, రక్తం రావడాన్ని చూసి మానుతోందనుకోవడం లాంటిది ఇది. తరచి చూసుకోవడానికీ, తలచినదే తలచుకుంటూ కూర్చోవడానికీ తేడా ఉంది. మొదటిదానిలో ఎప్పుడో ఒకప్పుడు మనకు రుచించని సంగతి ఎదురవుతుంది. రెండవదానిలో అది ఎన్నటికీ ఎదురుకాదు.

అందుచేత రాయడం మానవద్దు, చోటు మార్చండి. మంచం కింద నుంచి రాయండి. అక్కడి నుంచి మీకు ఏం కనిపించేదో, ఎవరి పాదాలు, నేల చల్లదనం, నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి, ఏది గుర్తుంటే అది, అలంకారం లేకుండా. మొదట వచనంగానే రాయండి, ఎందుకంటే మీ కవితలలో ఉపమానాలు మరీ ఎక్కువగా ఉన్నాయి, దాక్కోవడానికి మంచం తరువాత మీకు దొరికిన చోటు ఉపమానమేమోనని నాకు అనుమానం. అక్క గొంతుతో మాత్రం రాయవద్దు. ఇప్పటికి ఒకసారి ఆమె దెబ్బలు తీసుకున్నారు, ఇక ఆమె మాట కూడా తీసుకోకండి. అర్ధరాత్రి ఒంటరిగా రాసే అలవాటు మాని, పగటిపూట, సమయానికి హద్దు పెట్టుకుని రాయండి. రాస్తుండగా ఊపిరి ఆడనట్టు అనిపించినా, చుట్టూ ఉన్నదంతా దూరమైపోయినట్టు అనిపించినా వెంటనే కలం కింద పెట్టి, లేచి, ఇంట్లో ఎవరితోనైనా మాట్లాడండి. నిద్రలో ఉలిక్కిపాటు ఆరేళ్లుగా తగ్గలేదంటున్నారు కాబట్టి, ఇటువంటి గాయాలకు చికిత్స చేయడంలో శిక్షణ ఉన్న మానసిక వైద్యులనో, మనస్తత్వ నిపుణులనో తప్పకుండా కలవండి. కవిత్వం ఆ చికిత్సకు తోడుగా ఉండగలదు, బదులుగా ఉండలేదు. మీ ఉత్తరంలో డాక్టరు ప్రస్తావన ఒక్కచోట కూడా లేకపోవడం నాకు నచ్చలేదు.

ఇక అక్క సంగతి. ఫోన్లు చేయడం ఆపండి, ఎత్తని ఫోనుకు మళ్లీ మళ్లీ చేయడం కూడా ఒక ఒత్తిడే. ఒక చిన్న ఉత్తరం రాయండి. అందులో కవిత్వం, జ్ఞాపకశక్తి గురించిన పరిశోధనలు, నేను ఇక్కడ చెప్పిన కవల పిల్లల కథ, ఇవేవీ ఉండకూడదు. “అక్కా, నువ్వు చెప్పింది నిజం. నేను మంచం కిందే ఉన్నాను. నిన్ను ఎప్పుడూ అడగలేదు. నీకు మాట్లాడాలని ఉన్నప్పుడు వస్తాను” అన్నంత రాస్తే చాలు. ఆమె పిలిస్తే వెళ్లండి. చిన్నవాడు మీరు, వెళ్లవలసింది మీరే. తల్లిదండ్రుల తరువాత ఆమెకు పుట్టిల్లంటూ మిగిలింది కూడా మీరే కదా. వెళ్లినప్పుడు భార్యాపిల్లలను వెంట తీసుకువెళ్లి ఆ సంభాషణను పండుగ పలకరింపులాగా మార్చకండి. ఆమె చెప్పేటప్పుడు “నాకూ అంతే భయం వేసేది” అని మధ్యలో అందుకోకండి, మీ వంతు తరువాత వస్తుంది. “నాన్న మనసు మంచిదే” అనవద్దు. పోయినవారిని ఏమీ అనకూడదని బంధువులు చెబుతూనే ఉంటారు, ఆ మర్యాద వల్ల దెబ్బలు తిన్నవారి నోరు మూతపడడం తప్ప ఇంకే ప్రయోజనమూ నేను చూడలేదు. క్షమించమని అడగవచ్చు, కానీ ఆ పూటే క్షమించాలని ఎదురుచూడకండి. ఆమె మీ మీద కోపంగానే ఉండిపోవచ్చు, ఆ ఇంటి గురించి మాట్లాడనే మాట్లాడనని చెప్పవచ్చు, అసలు పిలవకపోవచ్చు. ఆమెకు ఆ హక్కు ఉంది. తన కథ ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకోవడం, అంత నిస్సహాయంగా పెరిగిన మనిషికి మిగిలిన ఆత్మగౌరవం. మీ ఇద్దరి మధ్య ఆ మాటలు జరిగినా, దయచేసి ఆ రాత్రి ఇంటికి వచ్చి దాని మీద కవిత రాయకండి.

పుస్తకం వేయమంటారా అని అడిగారు. ఇప్పుడు వద్దు. మంచం కింద నుంచి రాసిన కవితలు కొన్ని చేతికి వచ్చాక, పాతవాటితో కలిపి మళ్లీ చదువుకోండి. బెల్టు మీ వీపు మీద పడినట్టు రాసిన వాటిలో చాలావాటిని మీరే తీసేస్తారని నా ఊహ. మిగిలిన వాటిలో అక్క ఉన్న కవితలను, ఆమె చదువుతానంటేనే, అచ్చుకు ముందు ఆమెకు చూపించండి. ఆమె వద్దన్నవి వేయకండి, కారణం అడగకండి. నాన్నగారి గురించి, మీ గురించి మాత్రమే ఉన్న కవితలకు ఎవరి అనుమతీ అవసరం లేదు.