ఆయిల్ రంగులతో వేసిన మంచు సున్నం కొట్టినట్టు ఎందుకు కనిపిస్తుంది?

టైటానియం వైట్‌ని ట్యూబులోంచి తీసి అలాగే పూసేయడం వల్ల. మంచులో అచ్చమైన తెలుపు కనిపించేది చాలా తక్కువ చోట్ల. ఎండ పడే భాగానికి తెలుపులో రవ్వంత యెల్లో ఓకర్ (మట్టి పసుపు) కలపండి. నీడలకు అల్ట్రామెరైన్ (ముదురు నీలం), చిటికెడు బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు). ముందు నీడలు పలుచగా, వెలుగు చివర్లో ముద్దగా.

చిన్న బోర్డుకి అర అంగుళం ఫ్లాట్ బ్రష్ చాలు. సన్న బ్రష్ పట్టుకుంటే ప్రతి కొమ్మా గీయాలనిపిస్తుంది, బొమ్మ చెడేది అక్కడే.

ఇంకా ఆరని తెలుపు మీద చెట్టు గీస్తే రంగు బురదవుతుంది. గీత గీతకీ బ్రష్‌ని గుడ్డతో తుడవండి, గీసినచోటే మళ్లీ రుద్దకండి. రంగులో కలిపే లిన్సీడ్ (అవిసె) నూనె ఎక్కువైతే తెలుపు కొన్నాళ్లకి పసుపెక్కుతుంది. పైపొరకి కుసుమ నూనె మేలు, కాకపోతే ఆరడం ఆలస్యం. అడుగు పొరల్లో మాత్రం వాడొద్దు, పైన పగుళ్లు వస్తాయి.