బాబుని ఐదుగురు చూస్తున్నారు, ఆ ఐదుగురూ ఎప్పుడైనా కలిసి కూర్చున్నారా?

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఆటిజం, మాటలు రాలేదు, ఫిట్స్‌కి మందులు వాడుతున్నాం. రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి తల గోడకేసి కొట్టుకుంటున్నాడు, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. స్కూల్లో రోజుకి రెండు గంటలే ఉంచుకుంటామంటున్నారు. న్యూరాలజిస్టు కాక స్పీచ్, ఆక్యుపేషనల్, ఫిజియో థెరపిస్టులు, స్పెషల్ టీచరు ఎవరికి వాళ్లు ఇంట్లో చేయించమని పనులిస్తారు. నేను ఉద్యోగం మానేశాను, పెద్దమ్మాయి ముభావంగా ఉంటోంది. ఎక్కడైనా రెసిడెన్షియల్ సెంటర్‌లో చేర్పించమని బంధువులంటున్నారు. ఇంకేదైనా మందు ఉందా డాక్టర్? – ఒక తల్లి

జవాబు: మందు సంగతి తర్వాత, ముందు ఆ ‘రెండు నెలలుగా’ అన్న మాట దగ్గర ఆగుదాం. మాటలు రాని పిల్లాడు కొత్తగా తల కొట్టుకుంటుంటే దాన్ని ఆటిజం ఖాతాలో రాసేయకూడదమ్మా, ఎక్కడో నొప్పి ఉందేమో వెతకాలి. పిప్పిపన్ను, చెవిపోటు, మలబద్ధకం, గుండెల్లో మంట, వీటిలో ఏదైనా కావచ్చు. నా దగ్గరికి వచ్చిన ఓ పాప ఇలాగే కొట్టుకునేది. వాళ్ల నాన్న చేయి పట్టుకుని పదే పదే తన దవడకి ఆనించుకునేది, ఆయన ముద్దు చేయమంటోందనుకున్నారు. చూస్తే వెనక దంతం పూర్తిగా పుచ్చిపోయి ఉంది. ఇంకో విషయం, ఈ మధ్య ఫిట్స్ మందు మార్చారా, డోసు పెంచారా? లెవెటిరాసెటామ్ లాంటివి కొందరు పిల్లల్లో చిరాకు, కోపం పెంచుతాయి. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి, హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదముంది.

ఇవి చూపించాక కూడా మీ అసలు కష్టం తీరదు, ఎందుకంటే బాబు చుట్టూ వైద్యం చాలానే ఉంది గానీ దాన్ని ఒకచోటికి చేర్చే మనిషి లేక ఆ పని మీ నెత్తిన పడింది. నలుగురు తలా అరగంట పని ఇచ్చినా రోజుకి రెండు గంటలు, అది మీరు నిద్రపోవాల్సిన టైమ్‌లోంచే పోతుంది. వాళ్లలో ఒక్కరికీ మిగతా ముగ్గురు ఏం చెప్పారో తెలియదు.

దీనికి ర్యాప్‌అరౌండ్ అనే పద్ధతి ఉంది. పిల్లల్ని సంస్థల్లో పెట్టే బదులు ఇంటి చుట్టూనే సాయం అల్లాలని 1980లలో అమెరికాలో మొదలైంది. 2004లో దానికి 10 సూత్రాలు రాసుకున్నారు, వాటిలో మొదటిది కుటుంబం మాట, కుటుంబం ఎంపిక. అంటే ప్లాన్‌లో ఏముండాలో మొదట చెప్పాల్సింది మీరే, మేం కాదు.

మీ ఊళ్లో ఆ పేరుతో ఏ సర్వీసూ లేకపోయినా పని ఆగదు. ఈ ఐదుగురిలో మీ మాట బాగా వినేవాళ్లని ఒకరిని ఎంచుకుని, కోఆర్డినేటర్‌గా ఉండమని సూటిగా అడగండి. ఆ మనిషి అందరినీ ఓ గంట వీడియో కాల్‌లోనైనా కలపాలి. అందులో మీరు నమ్మే బంధువో, పక్కింటివాళ్లో, బాబుకి ఇష్టమైన మనిషెవరైనా తప్పకుండా ఉండాలి, థెరపిస్టులు మారిపోతారు గానీ వీళ్లు ఉంటారు.

మీటింగ్‌కి రిపోర్టుల ఫైలుతో పాటు ఒక్క కాగితం పట్టుకెళ్లండి. బాబుకి ఏమంటే ఇష్టం, ఏం చేయగలడు, ఏ శబ్దానికి బెదిరిపోతాడు, రోజులో అన్నిటికన్నా భారమైన గంట ఏది అన్నది రాయండి. మీ ఉత్తరాన్ని బట్టి అది సాయంత్రమే. పది రోజులు ఆ టైమ్‌లో కొట్టుకోవడానికి ముందు ఏం జరిగింది, తర్వాత ఎవరేం చేశారు అన్నది రెండేసి లైన్లు రాసుకుంటే మాకది చాలా పరీక్షల కంటే ఎక్కువ చెప్తుంది. ‘ప్రవర్తన మెరుగుపడాలి’ అని లక్ష్యం రాస్తే ఒప్పుకోకండి. ‘రాత్రి లేవడం ఐదు నుంచి రెండుసార్లకు తగ్గాలి’, ‘స్కూల్లో రెండు గంటలు మూడు కావాలి, ఆ మూడో గంటలో పక్కన ఎవరుంటారు’ అని రాయించండి. ఇంట్లో చేయించమని వాళ్లిచ్చిన నాలుగు పనుల్లో రెండు కొట్టేయమనండి. నెలన్నరకోసారి కూర్చుని, పనిచేయనిది తీసేయాలి, అప్పుడు తప్పు ప్లాన్‌దే, మీది కాదు.

ఆ ప్లాన్‌లో మీ పేరు కూడా ఉండాలి, దీనిమీద మాత్రం నేను గట్టిగా ఉంటాను. వారానికి మూడు గంటలు బాబుని వేరే మనిషి చూసుకోవాలి. ఆ మనిషికి ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గడియారం చూసుకుని 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవడం నేర్పండి, ఇవే ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అతికించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటిజం లాంటి ఎదుగుదల సమస్యలున్న 2 నుంచి 9 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం 9 గ్రూప్ క్లాసులు, 3 హోమ్ విజిట్లతో ఒక శిక్షణ తయారుచేసింది, అందులో తల్లిదండ్రుల మనసు గురించి కూడా ఉంది. మీకు దగ్గర్లో దొరుకుతుందేమో మీ డాక్టర్ని అడగండి.

పెద్దమ్మాయికి ఇష్టమైతేనే మీటింగ్‌లో కూర్చోబెట్టండి. తనని రెండో ఆయాగా లెక్కేయకండి, ఆ మూడు గంటల్లో ఒకటి తనకివ్వండి.

రెసిడెన్షియల్ సెంటర్ గురించి ఆలోచించినందుకు మీరు చెడ్డ తల్లి అయిపోరు. కానీ ఇంత అలసటలో ఆ నిర్ణయం తీసుకోవద్దు. ముందు ఈ వారంలో పళ్ల డాక్టర్‌కి, చెవి డాక్టర్‌కి చూపించండి, న్యూరాలజిస్టుకి మందు మార్చిన తేదీ, తల కొట్టుకోవడం మొదలైన తేదీ రెండూ పక్కపక్కన రాసి ఇవ్వండి. కొత్త మందు కావాలా వద్దా అన్నది అవి చూశాకే తేలుతుంది.