పాఠకుల ప్రశ్నలు: పుస్తకం కోసం అర్ధరాత్రి బారులు ఎందుకు?

ప్రశ్న: హ్యారీ పోటర్ పుస్తకాలు అర్ధరాత్రి 12:01కి విడుదల చేసేవారట. అదంతా పబ్లిసిటీ కోసమేనా? (పాఠకురాలు, విజయవాడ)

జవాబు: పబ్లిసిటీ ఉంది కానీ, దాని వెనక వ్యాపార కారణం ఒకటుంది. మూడో పుస్తకం బ్రిటన్‌లో 1999 జులై 8న వచ్చింది. పిల్లలు బడి ఎగ్గొట్టకూడదని సాయంత్రం 3:45కి అమ్మకం మొదలుపెట్టారు. అమెరికాలో మాత్రం సెప్టెంబరు దాకా రాలేదు. ఈలోగా అక్కడి పాఠకులు ఆగలేక బ్రిటన్ నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. అమెరికా హక్కులు కొన్న ప్రచురణ సంస్థ స్కొలాస్టిక్‌కు అది నేరుగా గండి. అందుకే నాలుగో పుస్తకం 2000 జులై 8న రెండు దేశాల్లోనూ ఒకే రోజు వచ్చింది. ఆ రోజు మొదలయ్యేదే అర్ధరాత్రి కదా!

ఆ ఆత్రం మాత్రం ప్రకటనలతో పుట్టింది కాదు. 1997లో మొదటి పుస్తకం గట్టి అట్టతో వేసింది దాదాపు 500 కాపీలే. అందులోనూ చాలావరకు లైబ్రరీలకే వెళ్లాయి. చదివిన పిల్లలు తోటి పిల్లలకు చెప్పారు. పిల్లల్లో ఉన్న ఆ ఆత్రాన్నంతా ఒక్క రాత్రికి పోగుచేయడం ప్రచురణకర్తల పనితనం. నాలుగో పుస్తకానికి ముందుగా సమీక్ష ప్రతులు కూడా పంపలేదు. చివరి పుస్తకం వచ్చేనాటికి (2007 జులై 21) అమెరికాలో తొలి ముద్రణే 1.2 కోట్లు. మొదటి 24 గంటల్లో 83 లక్షలు అమ్ముడయ్యాయి.

ప్రశ్న: విడుదల దాకా కథ బయటపడకుండా గుట్టు నిజంగా దాగిందా? (పాఠకుడు, ఒంగోలు)

జవాబు: పూర్తిగా దాగలేదు. 2005లో కెనడాలో ఒక దుకాణం ఆరో పుస్తకం 14 కాపీలు పొరపాటున ముందే అమ్మేస్తే, కొన్నవాళ్లు కథ బయటపెట్టకూడదని కోర్టు ఉత్తర్వు వచ్చింది. 2007లో చివరి పుస్తకం పేజీలన్నీ ఫొటోలు తీసి ముందే ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అయినా అమ్మకం తగ్గలేదు.

ప్రశ్న: మాది చిన్న పుస్తకాల షాపు. ఇలాంటి పెద్ద పుస్తకం వస్తుంటే ఎన్ని కాపీలు తెప్పించాలి? (పాఠకుడు, వరంగల్)

జవాబు: ఆర్భాటం చూసి ఆర్డరు పెట్టకండి, బుకింగులు చూసి పెట్టండి. బుకింగుకు ధరలో పావు వంతైనా అడ్వాన్సు తీసుకోండి. ఊరికే పేరు రాయించుకున్నవాళ్లలో చాలామంది రారు. 40 బుకింగులుంటే 50 కాపీలు చాలు. మొదటి వారం దాటితే గిరాకీ పడిపోతుంది, మిగిలినవి మీ డబ్బును పట్టుకుని కూర్చుంటాయి. అమ్ముడుపోనివి వాపసు తీసుకుంటారా, ఎన్నాళ్లలోగా, రవాణా ఖర్చు ఎవరిది అన్నవి డిస్ట్రిబ్యూటరుతో కాగితం మీద రాయించుకోండి.

ధరలో ఆన్‌లైన్‌తో పోటీకి దిగొద్దు. 2007లో బ్రిటన్‌లో 17.99 పౌండ్ల చివరి హ్యారీ పోటర్ పుస్తకాన్ని ఒక సూపర్‌మార్కెట్ 5 పౌండ్లకే ఇచ్చింది. జనాన్ని లోపలికి రప్పించడానికి వాళ్లు ఆ నష్టం భరించగలరు, మీరు భరించలేరు. మీకు మిగిలేది అదే సిరీస్‌లోని పాత పుస్తకాల మీద. కొత్తది పెట్టిన బల్ల మీదే మొదటి భాగం నుంచి వరసగా పేర్చండి. కొత్తది చూసి ఆశపడ్డ చిన్నపిల్లలు కొనాల్సింది మొదటి భాగమే.

ఇంకొకటి. హడావిడి ముద్రణలో ఫారాలు (పుస్తకంలో కలిపి కుట్టే 16 పేజీల కట్టలు) తారుమారవుతుంటాయి: 16 పేజీలు రెండుసార్లు రావడమో, అసలు లేకపోవడమో, తలకిందులుగా కుట్టడమో. కార్టన్ విప్పగానే ప్రతి కాపీలో 16, 17 పేజీల దగ్గర, 32, 33 దగ్గర, అలా చివరిదాకా అంకెలు చూడండి. ఒక్కో కాపీకి నిమిషం పడుతుంది. రాత్రంతా మేలుకుని చదువుతున్న పిల్లకు అసలు ఘట్టంలో పేజీలు లేకపోతే ఎంత ఉసూరుమంటుందో ఆలోచించండి. మార్చి ఇవ్వడానికి రెండు కాపీలు పక్కన పెట్టుకోండి.