వాసన వేరైతే నూనె కల్తీయేనా?

ప్రశ్న: నమస్తే అండీ, మాది మలక్‌పేట. అడవి థైమ్ అనే సువాసన మూలిక నూనె ఆన్‌లైన్‌లో ఒక సీసా, బేగంబజార్‌లో ఒక సీసా కొన్నాను. రెండిటి మీదా ఆ మొక్క శాస్త్రీయ నామం థైమస్ సెర్పిల్లమ్ అనే ఉంది. ఒకటేమో అచ్చం వాములా ఘాటు, రెండోది గులాబీ అత్తరు వాసన. రెండోది కల్తీనా? క్రిములను చంపుతుందంటున్నారు, మా పాప దగ్గుకి వేడినీళ్లలో రెండు చుక్కలు వేసి తాగించొచ్చా?

జవాబు: తాగించకండి, ముందు ఆ సీసాలు పాపకు అందకుండా పైన పెట్టేయండి. ఇది కషాయం కాదు, మోపులకొద్దీ ఆకును ఆవిరి పట్టి తీసిన సారం.

ఇక కల్తీ సంగతి. వాసన తేడాగా ఉంది కదా అని ఆ షాపువాణ్ణి అప్పుడే తిట్టుకోకండి. ఒకే గుట్ట మీద పక్కపక్కన పెరిగిన థైమ్ మొక్కల్లోనే ఒకదాని నూనెలో థైమాల్ అనే ఘాటు పదార్థం ఎక్కువుంటుంది, ఇంకోదాంట్లో దానిలాంటిదే కార్వక్రాల్, మరోదాంట్లో గులాబీ వాసనొచ్చే జెరానియాల్. ఒకే జాతిలో ఇలా నూనె తేడాగా ఉండే రకాలను కీమోటైప్‌లంటారు. వాము ఘాటు కూడా థైమాల్‌దే. మూలికల షాపుల్లో వాము పువ్వు పేరుతో అమ్మే తెల్లటి పలుకులు అచ్చంగా అదే, కర్పూరం, పిప్పర్‌మెంట్ పువ్వుతో కలిపి సీసాలో వేస్తే మూడూ కరిగి నీరైపోతాయి. ఆ పలుకులు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి ఘాటుగా ఉన్నదే అసలు సరుకనీ అనుకోలేం, ఎవరైనా కలిపేయొచ్చు. మొక్క ముందు గామా టెర్పినీన్ అనే పదార్థం తయారుచేసుకుని దాన్నుంచి థైమాల్, కార్వక్రాల్ చేస్తుంది, అందుకే అసలు నూనెలో అదీ, పారా సైమీన్ అనే మరో పదార్థమూ కూడా కనిపిస్తాయి. ఆ బ్యాచ్ జీసీ-ఎంఎస్ రిపోర్టులో (నూనెలో ఏ పదార్థం ఎంతుందో చెప్పే ల్యాబ్ పరీక్ష) ఇవి లేకుండా థైమాల్ ఒక్కటే దండిగా ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

క్రిములను చంపే మాట అబద్ధం కాదు. థైమాల్, కార్వక్రాల్ రెండిటి ఫార్ములా ఒకటే, సీ10హెచ్14ఓ, అణువులో ఓహెచ్ గుంపు (ఆక్సిజన్, హైడ్రోజన్ జత) ఉన్న చోటే వేరు. ఇవి బ్యాక్టీరియా పైపొరలోకి దూరి దాన్ని వదులు చేస్తే లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. సూడోమోనాస్ లాంటి మొండి బ్యాక్టీరియాలు దీనికీ ఓ పట్టాన లొంగవు. అయితే ఇదంతా ల్యాబ్ ప్లేటులో, నూనె నేరుగా క్రిమికి తగిలినప్పటి మాట. తాగిన రెండు చుక్కలు పాప ఊపిరితిత్తులకు ఆ మోతాదులో చేరవు, పైగా పిల్లల జలుబు దగ్గులు చాలావరకు వైరస్‌వల్ల వచ్చేవే. నోరు, గొంతు మండటం మాత్రం ఖాయం.

మీరు ఒంటికి రాసుకోవాలనుకుంటే 100 మి.లీ. కొబ్బరినూనెలో 1 మి.లీ. మించకుండా కలిపి ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూడండి, ఘాటుదైతే ఇంకా తగ్గించండి. పాపకు వద్దు, దగ్గు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. రిపోర్టు అడిగితే నీళ్లు నమిలే షాపులో మళ్లీ కొనకండి.