ఇంట్లో బీడీలు చుట్టేవాళ్లకు పీఎఫ్ వర్తిస్తుందా?

నిజామాబాద్ దగ్గర మీ అమ్మగారు ఇంట్లోనే బీడీలు చుడతారని, “ఇంట్లో చేసుకునే పనికి పీఎఫ్ ఏంది” అని టేకేదారు (కంపెనీ తరఫున పని ఇచ్చే మధ్యవర్తి) కొట్టిపారేస్తున్నాడని రాశారు. వర్తిస్తుంది. బీడీ పరిశ్రమ 1977లోనే పీఎఫ్ కిందికి వచ్చింది. ఇళ్లలో చుట్టేవాళ్లకు కుదరదని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1985లో పి.ఎం.పటేల్ కేసులో ఓడిపోయారు.

అంతకుముందు మాత్రం గెలుపు యజమానులదే. ఫ్యాక్టరీల చట్టం 1948లో వచ్చాక పనిని కార్ఖానా నుంచి ఇళ్లకు, మధ్యవర్తుల చేతికి మళ్లించారు. 1958లో చింతామన్‌రావు కేసులో ఆ మధ్యవర్తులు, వాళ్ల కూలీలు ఫ్యాక్టరీ కార్మికులు కారని కోర్టు తేల్చింది. ఈ సందు మూయడానికే 1966 బీడీ కార్మికుల చట్టంలో ఇంటి దగ్గర చుట్టేవాళ్లను ప్రత్యేకంగా చేర్చారు. 2025 నవంబర్‌లో అది కొత్త లేబర్ కోడ్‌లో కలిసింది.

పటేల్ కేసులో కోర్టు ముఖ్యంగా చూసింది ఏరివేతనే. వదులుగా చుట్టినవి, కొస సరిగా మడవనివి పక్కన పడేసే అధికారం కంపెనీదే కదా, అలాంటప్పుడు పని మీద అజమాయిషీ కూడా దానిదే. తెలంగాణ ప్రాంత షాపుల చట్టం కింద వచ్చిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, ముక్కకింత అని కుట్టే దర్జీల విషయంలో 1973లోనే ఈ వాదన నిలిచింది. అంటే మీ అమ్మగారి కూలీ కోసే ఆ ఏరివేతే ఆవిడ ఉద్యోగి అనడానికి సాక్ష్యం!

ఇక చేయాల్సింది. ముందు యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకు ఇచ్చే నంబర్) అడిగి పీఎఫ్ పాసుబుక్కు తీయండి. దాన్ని నెలనెలా చుట్టిన లెక్క రాసే బీడీల పుస్తకంతో పోల్చండి. కట్టకు 25, 40 కట్టలకు వెయ్యి, కూలీ వెయ్యికింత. ఏరేసినవి లెక్కలోకి రాకపోతే కూలీతో పాటు పీఎఫ్‌కు కట్టే చందా కూడా తగ్గుతుంది. బీడీ పరిశ్రమలో చందా మామూలుగా ఉండే 12 శాతం కాదు, కార్మికురాలిది 10, కంపెనీది 10. దాన్ని చూసి మోసమనుకోకండి. అత్తాకోడళ్లు ఒకే కార్డు మీద చుడితే చందా కార్డున్న మనిషికే పడుతుంది, రెండో ఆవిడకు ఎన్నేళ్లు చుట్టినా ఏమీ ఉండదు. ఎక్కువ నష్టం ఇక్కడే. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ తేడాగా ఉంటే ఇప్పుడే దిద్దించండి, క్లెయిమ్ పెట్టాక తిప్పలు పడతారు. కంపెనీ మారితే పాత ఖాతా బదిలీ చేయించండి. బదిలీకి బదులు పీఎఫ్‌తో పాటు పింఛను డబ్బు కూడా తీసేసుకుంటే ఆ సర్వీసు పోతుంది, నెలనెలా పింఛనుకేమో 10 ఏళ్లు కావాలి.

ఫిర్యాదు రాసేటప్పుడు టేకేదారు పేరొక్కటే రాసి ఊరుకోవద్దు. అతని దగ్గర చుట్టేవాళ్ల చందాకు అసలు బాధ్యత కంపెనీదే కాబట్టి దాని పేరు తప్పక ఉండాలి. ఆకు, తంబాకు ఇచ్చిన తూకం, ఏరేసిన లెక్క కనిపించే పేజీల జిరాక్సులు జతచేసి పీఎఫ్ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోండి.