మెష్ వైఫైకి ప్రింటర్ కలవడం లేదా?

ప్రశ్న: ఇంట్లో మెష్ వైఫై (ఇల్లంతా సిగ్నల్ అందేలా రెండు మూడు పరికరాలు కలిసి పనిచేసే వైఫై) పెట్టించాక పాత ప్రింటర్ కనెక్ట్ కావడం లేదు. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నాం. ఏం చేయాలి?

జవాబు: వైఫై సిగ్నల్ సాధారణంగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీల్లో) వస్తుంది. పాత ప్రింటర్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌నే పట్టుకుంటాయి. మెష్‌లో రెండు బ్యాండ్లకూ సాధారణంగా పేరు ఒకటే. సెటప్ చేసే ఫోన్ 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటే కొన్ని ప్రింటర్లు మొరాయిస్తాయి. మెష్ యాప్‌లో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను కాసేపు ఆపి, ప్రింటర్ కలిశాక మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ కాకపోతే వైఫై సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. అందులో డబ్ల్యూపీఏ3 (కొత్త రక్షణ పద్ధతి) ఒక్కటే ఉంటే, దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2కు మార్చండి. గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం ఇచ్చే వేరే వైఫై) జోలికి మాత్రం పోకండి. అందులో ప్రింటర్ కనెక్టయినా ఫోన్‌కు సాధారణంగా కనిపించదు.

ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చిన రౌటర్ వైఫై కూడా ఆన్‌లో ఉందా? అయితే ప్రింటర్ దానికి, ఫోన్ మెష్‌కు అతుక్కుని, ఒకదానికొకటి కనిపించకపోవచ్చు. రౌటర్ వైఫై ఆపేసి, మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (రౌటర్ పని దానికే వదిలి, మెష్ వైఫైని మాత్రమే పంచే పద్ధతిలో) పెట్టండి.