కెనడా ఎమర్జెన్సీలో ఎదురుచూపులు అందరికీ ఒకటేనా?

"కెనడాలో ఎమర్జెన్సీకి వెళ్తే గంటల తరబడి కూర్చోబెడతారట, నిజమేనా?" అని అడిగారు. నిజమే. కానీ అందరినీ ఒకేలా కూర్చోబెడతారని మాత్రం అనుకోకండి. నేను కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో ఉంటాను. అక్కడ ఒక రాత్రి చూసింది చెబుతాను.

ఫిబ్రవరి నెల, బయట మైనస్ ముప్పై. ఐస్ మీద జారిపడి మణికట్టు వాచిపోయింది. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ నర్సు చూసి, ప్రాణం మీదికి వచ్చేదేమీ కాదు, కూర్చోమంది. అది సబబే. నా ఎదురుగా అరవై దాటిన ఒక ఫస్ట్ నేషన్స్ (కెనడా మూలవాసి) ఆవిడ, పక్కన పన్నెండేళ్ళ మనవడు. అంత చలిలోంచి వచ్చి కూడా ఆవిడ ముఖమంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. పిల్లాడు రెండుసార్లు కౌంటర్ దగ్గరికి వెళ్ళి "మామ్మకి షుగర్ ఉంది" అని చెప్పాడు. నేను విన్నాను. రెండోసారి వాడికి వచ్చిన జవాబు, "ఇవాళ ఎంత తాగింది?"

మా నాన్నకి పాతికేళ్ళుగా షుగర్. షుగర్ పడిపోతే మనిషి అచ్చం తాగినట్టే ఉంటాడని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. లేచి వెళ్ళి, "ఆవిడకి షుగర్ పడిపోయినట్టుంది, చూడండి" అన్నాను. వెంటనే మీటర్ పట్టుకుని వచ్చారు. షుగర్ 2.2, అంటే మన ఇండియా లెక్కలో 40, బాగా పడిపోయింది. జ్యూస్ పట్టించి గబగబా లోపలికి తీసుకెళ్ళారు.

పిల్లాడు చెప్పిందీ నేను చెప్పిందీ ఒకటే. ఆవిడ తాతముత్తాతలు పుట్టి పెరిగిన నేల మీద, వచ్చి నాలుగేళ్ళయిన నా మాట చెల్లింది, వాడి మాట చెల్లలేదు. ఆ రాత్రంతా నా చెయ్యి నొప్పి కంటే ఇదే ఎక్కువ బాధపెట్టింది.

ఒక నర్సు మంచిది కాదని సరిపెట్టుకోకండి. 2008 సెప్టెంబరులో మానిటోబాలోనే విన్నిపెగ్ నగరంలో ఉన్న ఆసుపత్రి, హెల్త్ సైన్సెస్ సెంటర్‌కి బ్రయాన్ సింక్లెయిర్ అనే మూలవాసి చక్రాల కుర్చీలో వచ్చారు. వయసు 45, రెండు కాళ్ళూ లేవు, క్లినిక్ డాక్టర్ రాసిచ్చిన చీటీ ఉంది. మూత్రాశయంలో ఇన్‌ఫెక్షన్. కాథెటర్ (మూత్రం గొట్టం) మార్చి యాంటీబయాటిక్ ఇస్తే బతికేవారు. 34 గంటలు ఆ హాల్లోనే ఉన్నారు. వాంతులయ్యాయి. చుట్టూ కూర్చున్నవాళ్ళు సిబ్బందికి చెప్పారు కూడా. సిబ్బంది మాత్రం తాగి ఉన్నాడని, తలదాచుకోవడానికి వచ్చాడని అనుకున్నారు. చివరికి ఎవరో దగ్గరికి వెళ్ళి చూసేసరికి శరీరం బిగుసుకుపోయి ఉంది. 2014లో విచారణ నివేదిక 63 సిఫార్సులతో వచ్చింది. జాతివివక్ష జోలికి సరిగ్గా వెళ్ళడం లేదని ఆ కుటుంబం విచారణ నుంచి మధ్యలోనే తప్పుకుంది. నన్నడిగితే వాళ్ళు చేసిందే సరైన పని. క్యూలు ఎలా నడపాలో రాయడం ఎవరికైనా సులువే, వివక్షని పేరు పెట్టి చెప్పడమే కష్టం.

2020లో క్యూబెక్‌లో జాయిస్ ఎషాక్వాన్ అనే మూలవాసి మహిళ, ఏడుగురు పిల్లల తల్లి, ఆసుపత్రి మంచం మీంచి ఫోన్లో లైవ్ పెట్టబట్టి, సిబ్బంది ఆమెని తిట్టిన తిట్లు లోకానికి తెలిశాయి. ఆమె బతకలేదు. ఫోన్ లేకపోతే ఆ తిట్ల సంగతి ఎవరు నమ్మేవాళ్ళు?

మన తెలుగు గ్రూపుల్లో ఇదంతా రాస్తే, "వాళ్ళకి గవర్నమెంటు ఊరికే డబ్బులిస్తుంది, తాగి పడుంటారు" అని సమాధానం వస్తుంది. దిగి ఆరు నెలలు కాకుండానే ఈ మాట ఎక్కడ నేర్చుకుంటారో! నేను పార్వతీపురం వైపు పెరిగాను. కొండ మీంచి డోలీలో మోసుకొచ్చిన మనిషిని చూసి కూడా "జీలుగు కల్లు ఎక్కువై ఉంటుంది" అనేవాళ్ళు మా దగ్గర.

నా చేతికి కట్టు వేసేసరికి తెల్లవారింది, మొత్తం ఏడు గంటలు. బయటికి వస్తుంటే ఆ పిల్లాడు నా వెనకే తలుపు దాకా వచ్చాడు. మామ్మ నిద్రపోతోందని చెప్పాడు. తర్వాత, నేనేమీ అడక్కుండానే, "మా మామ్మ అసలు తాగదు" అన్నాడు.